పదో సిస్టం టోపీ

ఆ ఆదివారం పొద్దున్న జగన్నాధం మాస్టారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. విజయనగరంలో ముప్ఫై ఏళ్లు నడిపిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌ని ఆ నెలతో మూసేస్తున్నారు. సామానంతా మర్నాడు పాతసామాన్లవాడు పట్టుకుపోతాడు. ఈలోగా తొంభై ఏడు బ్యాచి పిల్లల్ని పిలిచి, పాత సిస్టంలను చివరిసారి ఆన్ చేసి చూపించి, టిఫిన్ పెట్టి పంపేద్దామనుకున్నారు. పిల్లలంటే అందరూ యాభైకి దగ్గరపడ్డవాళ్లే. పదకొండు మంది వచ్చారు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విప్పి, అప్పటి బెంచీల మీద అప్పటి చోట్లలోనే కూర్చున్నారు.

సిస్టంలు పది. వేటిలోనూ డిస్కు లేదు. స్విచ్చి వేయగానే అవి తీగ వెంట మూలనున్న సర్వరుని పలకరించి, తామేం చేయాలో అడిగి తెలుసుకుని అప్పుడు మొదలయ్యేవి. పిల్లలు రాసుకున్నదంతా కూడా సర్వరులోనే, ఎవరి పేరున వాళ్ల ఫోల్డరులో ఉండేది. ఆ సర్వరుని మాస్టారు ఏటా విజయదశమికి బొట్టు పెట్టి, గంటసేపు ఆన్ చేసి, మళ్లీ గుడ్డ కప్పుతూ కాపాడుకొచ్చారు. అందులో ఇప్పటికీ అన్నీ భద్రంగా ఉన్నాయనీ, ఒక్కొక్కరి ఫోల్డరూ తెరిచి అందరికీ చదివి వినిపిస్తాననీ ఇడ్లీలు వడ్డిస్తూ ప్రకటించారు.

దేవేంద్ర ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టేశాడు.

దేవేంద్రకు సాలూరులో నాలుగు లారీలున్నాయి. పక్కన కూర్చున్న యమున అతని భార్య, మేనమామ కూతురు, అదే బ్యాచి. ఎదురుగా కూర్చున్న రేఖ ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ సర్వర్లు చూసుకుంటోంది. పందొమ్మిదేళ్ల వయసులో దేవేంద్ర ఈ గదిలోనే ఒక ఉత్తరం టైపు చేశాడు. అది యమునకు రాసింది కాదు. రేఖకు ఇచ్చే ధైర్యం లేక, చెరిపే మనసు రాక, ఫోల్డరులో వదిలేసి కోర్సు ముగించాడు.

పదింటినీ కలుపుతూ గోడవారగా ఒకటే తీగ పోతుంది. ఆ తీగ రెండు చివర్లా ఉసిరికాయంతైనా లేని ఇత్తడి టోపీలుండాలి. ఒక్క టోపీ ఊడినా పది సిస్టంలూ మూగబోతాయి. పరీక్షలు వాయిదా వేయించడానికి ఆ రోజుల్లో కుర్రాళ్లు కనిపెట్టిన ఉపాయమే అది. దేవేంద్ర చేతులు కడుక్కునే నెపంతో లేచి, పదో సిస్టం వెనక్కి వంగి, టోపీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మాస్టారు స్విచ్చి వేశారు. సర్వరు దొరకలేదని పది తెరలూ ఒకే మాట చెప్పాయి. తీగని సిస్టంకి కలిపే కార్డు పాడైందని ఆయన మూడో సిస్టం విప్పారు. దానిలోది తీసి ఐదోదానిలో పెట్టారు. చివరికి రేఖ చీరకొంగు దోపుకుని బల్లల కింద పాకుతూ వెళ్లి, పదో సిస్టం దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఇక్కడ టోపీ లేదండి" అంది.

పొద్దున్న గది ఊడ్చింది కూర్మమ్మ. ఇరవై రెండేళ్లుగా ఊడుస్తున్నది ఆమే. చెత్తలో ఊడ్చేశావా అని మాస్టారు మెల్లిగానే అడిగారు గాని, ఆమెకు మాట తగిలింది.

"నాను ఊడ్సింది దుమ్ము బాబూ. ఇత్తడికీ దుమ్ముకీ తేడా తెల్దేటి నాకు?"

అన్నదే గాని, అనుమానం తీరక వీధి చివర చెత్తకుండీ దగ్గరికి నడిచింది. ఆమె వెనకే బ్యాచిలోని ఒక బ్యాంకు మేనేజరూ ఒక తహసీల్దారూ వెళ్లి పుల్లలతో చెత్త కెలకడం మొదలెట్టారు. తహసీల్దారంతటివాడు వెతుకుతున్నాడంటే బంగారు గొలుసే పోయి ఉంటుందని ముగ్గురు ఆటోవాళ్లు దిగారు. పావుగంటలో వీధి వీధంతా వంగి వెతుకుతోంది. ఎన్ని తులాలని ఒకాయన కూర్మమ్మనే అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

కిటికీలోంచి అదంతా చూసిన దేవేంద్రకు మనసు పీకింది. జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు, "ఉత్తరాలు కూడా ఉంటాయి, అవి నేనే చదువుతాను" అన్నారు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఒగ్గీండి మాస్టారూ. మా లారీ రప్పిస్తాను, ఇదంతా..." అని మొదలెట్టాడు. అంతా ఎక్కించి ఇప్పుడే పాతసామాన్లవాడికి పంపేద్దామన్నది అతని ఉద్దేశం.

మాస్టారు అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. ఇన్‌స్టిట్యూట్ సాలూరు బ్రాంచి ఎత్తేసినప్పుడు అక్కడి సామానంతా దేవేంద్ర గోడౌనులోనే పెట్టించారు. దానితోపాటు టోపీలూ ఉంటాయి. ఆ సంగతి తనకే తట్టలేదు, పిల్లవాడికి తట్టింది అనుకున్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. దేవేంద్రను కావలించుకుని, అతని ఫోనే తీసుకుని, ఆ సామానంతా ఎక్కించుకు రమ్మని డ్రైవరు సోములుకి తానే చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి లారీ వచ్చింది. ఒక్క టోపీ కోసం లారీ నిండా సామాను దిగింది. రేఖ టోపీ బిగించగానే నల్ల తెరల మీద తెల్ల అక్షరాలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. బ్యాంకు మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నాలుగో ఫోల్డరు దేవేంద్రది. అందులో ఒకటే ఫైలు. మాస్టారు గొంతు సవరించుకుని చదివారు.

"రెస్పెక్టెడ్ మేడమ్ యమున గారికి. సబ్జెక్టు: ప్రేమ గురించి."

దేవేంద్ర తల ఎత్తాడు. మాస్టారు చివరి 'యువర్స్ ఒబీడియంట్‌లీ' దాకా చదివి, అర్జీ నమూనా తానెలా నేర్పారో అలాగే ఉందని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత అదృష్టమని రేఖ యమున చెయ్యి పట్టుకుంది.

సందడి మధ్యలో దేవేంద్ర జేబులోని టోపీ తీసి, బెంచీ కింద దొరికిందని కూర్మమ్మ చేతిలో పెట్టాడు.

"బెంచీ కింద రెండుసార్లు సూసినాను బాబూ" అని, ఆమె అతని జేబు వంక చూసింది.

కారు ఊరు దాటాక దేవేంద్ర యమున వైపు తిరిగాడు.

"ఆ పేరు..." అన్నాడు.

"నువ్వు రాసిన మర్నాడే మార్సీసినాను బావా. పాస్‌వర్డు నీ పేరే కదేటి. పేరొక్కటే నాది, మిగతాదంతా నువ్వు రాసిందే." పొలాల వంక చూస్తూ, "ఇంకే సిస్టంలోనైనా ఏటైనా రాసినావేటి?" అని అడిగింది.

సాలూరు వచ్చేదాకా దేవేంద్ర గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాడు.