ఓడినవాడికే కంటిన్యూ

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన న్యాయవ్యవస్థలన్నింటిలోకీ సంపూర్ణమైనది తన్నులాట వీడియోగేములో ఉంది. అక్కడ ఓడినవాణ్ని ఎవరూ వెళ్లిపొమ్మనరు. నేలమీద పడుకోబెట్టి, పది నుంచి వెనక్కి లెక్కబెడుతూ, "కంటిన్యూ చేస్తారా?" అని మర్యాదగా అడుగుతారు. స్టార్ట్ మీట నొక్కితే చాలు, చచ్చినవాడు దుమ్ము దులుపుకుని లేస్తాడు. రాలిన పళ్లు కూడా యథాస్థానంలోకి వస్తాయి. ఈ సదుపాయం గెలిచినవాడికి లేదు. వాడికి అవసరమేముందని ఆట తయారుచేసిన పెద్దల ఉద్దేశం.

ఈ వ్యవస్థను మా ఇంట్లో అమలుచేసిన ఘనత నాన్నగారిది. ఆయన రిటైరైన సూపరింటెండెంటు. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. (బాత్‌రూమ్‌లో సబ్బు అయిపోతే ఇప్పటికీ ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి.)

వివాదం మేడమీది గది గురించి. అందులో అద్దెకున్న కాంపౌండరు ఖాళీ చేసి వెళ్లగానే వదినా నేనూ పోటీకి దిగాం. వదిన బట్టలు కుడుతుంది. బాత్‌రూమ్‌కీ వంటింటికీ మధ్య నడవలో, గోడకి ఆనించిన మిషన్ మీద, పట్టపగలు లైటు వేసుకుని కుడుతుంది. స్నానం చేసి వచ్చే ప్రతి మనిషీ ఎవరో ఒకరి కర్టెన్ మీద తడికాలు పెట్టి వెళ్తాడు. మేడగదికి పెద్ద కిటికీ ఉంది. ఆ వెలుతురు తనకి కావాలంది. నేను ఒక పత్రికకు వారం వారం కాలమ్ రాస్తాను. నాకు ఆలోచించుకోవడానికి గది కావాలి. రెండు వాదనలూ సమాన బలంతో ఉన్నాయని నాన్నగారు తేల్చారు.

"బొమ్మాబొరుసూ వేసేద్దాం నాన్నా," అన్నాడు అన్నయ్య. ఆయన వదినకి మొగుడు, నాకు అన్న, అందుచేత ఎవరి పక్షమూ కాదు.

"అదృష్టం మీద గదులు కేటాయించడం నా సర్వీసులో లేదు. నైపుణ్యం చూడాలి," అన్నారు నాన్నగారు.

అటకమీద పాత గేము పెట్టె ఉన్న సంగతి నేనే గుర్తుచేశాను. (అది చిన్నప్పుడు నేను తిండీ నిద్రా మానేసి ఆడిన ఆటేనా అని ఎవరూ అడగలేదు.)

నేను మంటల జుట్టున్న కత్తివీరుణ్ని ఎంచుకున్నాను. వదిన బొమ్మలన్నీ ఒకసారి చూసి, గొడుగు పట్టుకున్న ముసలాయన దగ్గర ఆగింది. "ఈయనైతే గొడవలకి పోయే మనిషిలా లేడు," అంది. ఆమెకు తెలిసింది ఒక్క మీట, తన్ను మీట. మావాడు గాల్లోకి ఎగిరి, పల్టీలు కొట్టి, కత్తికి నిప్పంటించుకుని దిగేసరికి ముసలాయన మోకాలి కింద ఒక్కటిచ్చేవాడు. లేవబోతే ఇంకొకటి. నాకిచ్చిన రెండు ప్రాణాలూ అలాగే పోయాయి. వదిన కంట్రోలర్ కింద పెట్టేసి, "అమ్మో, పొయ్యిమీద పాలు!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

తెరమీద అంకెలు మొదలయ్యాయి. నేను స్టార్ట్ నొక్కాను. నా ప్రాణాలు రెండూ వెనక్కొచ్చాయి.

"అదేంటి, ఓడిపోయావుగా?" అంది వదిన తిరిగొచ్చి.

"ఓడితేనే కదమ్మా కంటిన్యూ చేసేది?" అన్నారు నాన్నగారు. "గెలిచినవాళ్లకి దాంతో ఏం పని?"

మర్నాటికి గోడమీద నిబంధనలు వెలిశాయి. పోటీ రోజూ సాయంత్రం టీ తర్వాత జరుగును. కంటిన్యూల సంఖ్య అపరిమితం. (ఆ గేము సెట్టింగుల్లో అలాంటి వీలుందని నాన్నగారికి చూపించింది నేనే. ఆయన కళ్లు చెమర్చాయి.) కంటిన్యూ చేసినవారికి తెరమీద ప్రాణం చూపే గీత నిండుగా ఇవ్వబడును. గెలిచినవారి అలసటకు వేరే గీత లేదు. కంటిన్యూ పెండింగులో ఉన్నంతకాలం గది యథాతథంగా ఉంచవలెను, కుట్టుమిషను మెట్లెక్కరాదు.

ఆ విధంగా వదిన రోజూ గెలిచి నడవలో కుట్టుకునేది. నేను రోజూ ఓడి కంటిన్యూ నొక్కేవాణ్ని. అంకెలు పడే వేళకి ఆమె ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది.

ఒకరోజు ఆమెకి ఒళ్లు మండింది. "మావయ్యగారూ, అసలు ఎన్నిసార్లు గెలిస్తే ఆ గది నాదవుతుంది? కళ్లు లాగేస్తున్నాయండీ ఆ చీకట్లో."

"వాడు కంటిన్యూ మానేసిన రోజునమ్మా."

"మరి తను ఎన్నిసార్లు గెలవాలి?"

"ఒక్కసారి. కానీ అప్పుడు నీకూ కంటిన్యూ ఉంటుంది. రూలు ముందు అందరూ సమానమే," అన్నారు ఆయన. అన్నయ్య ఇద్దరికీ తలూపాడు.

తర్వాత జరిగినది పూర్తిగా ప్రమాదం. నేను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ నడవలో లైటుకి అడ్డం వచ్చాను. ఆ క్షణంలో మిషన్ సూది వదిన కుడిచేతి బొటనవేల్లోకి దిగింది. పాపం, చాలా రక్తం పోయింది. సాయంత్రం అంత లావు కట్టుతో వచ్చి, "ఇవాళ్టికి వదిలేద్దాం మావయ్యగారూ," అంది. దెబ్బ తగిలిందని వాయిదా వేసుకునే వీలు ఆటలోనే లేదని నాన్నగారు విచారం వ్యక్తం చేశారు.

కట్టువేలు మీటమీద నిలవలేదు. ముసలాయన కాలు లేపేలోపే మావాడు నిప్పుకత్తితో దిగిపోయాడు. నేను గెలిచాను.

తెరమీద అంకెలు మొదలయ్యాయి.

"ఇదేంటి? ఈ అంకెలేంటి?" అంది వదిన.

ఆమె ఆ తెరను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఓడినవాళ్లకి కనిపించే తెర అది. చేతికి తెలిసిన ఒకే ఒక్క మీటను, తన్ను మీటను, నొక్కింది. ఆ ఆటలో ఒక చిన్న ఏర్పాటుంది. అంకెలు పడేటప్పుడు స్టార్ట్ కాకుండా ఇంకేది నొక్కినా లెక్క త్వరగా దిగిపోతుంది. తొందరపడేవాళ్ల సౌకర్యార్థం పెట్టారు. ఆమె నొక్కిన కొద్దీ అంకెలు దిగాయి. భయపడి ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా నొక్కింది. అన్నయ్యకు ఈ సంగతి తెలుసు. నోరు తెరిచాడు, నాన్నగారి వైపు చూశాడు, దాన్ని ఆవులింతగా మార్చుకున్నాడు. నాకూ తెలుసు. కానీ ప్రత్యర్థికి సలహా ఇవ్వడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం.

సున్నా పడింది. ఆట అయిపోయింది.

"నాకూ కంటిన్యూ ఉందన్నారుగా మావయ్యగారూ?" అంది వదిన.

"ఉందమ్మా. పది అంకెలూ నీవే. నువ్వే తన్ని పంపించేశావు," అన్నారు నాన్నగారు. ఓడిపోయే అనుభవం లేకపోవడం అభ్యర్థి లోపమే తప్ప వ్యవస్థది కాదని రాత్రికల్లా గోడమీద అంటించారు.

ఈ కాలమ్ మేడగదిలో కూర్చుని రాస్తున్నాను. గది అద్భుతంగా ఉంది. ఒకటే ఇబ్బంది, మధ్యాహ్నం కాస్త ఒరుగుదామంటే కిటికీలోంచి వెలుతురు నేరుగా కళ్లలో పడుతోంది. కర్టెన్ ఒకటి కుట్టిపెట్టమని వదినకి చెప్పాను, వేలి గాయం తగ్గాకే అన్నాను.