చేపగుడ్డు వైభోగం

పుడితే చేపగుడ్డుగా పుట్టాలండి! మనిషి పుట్టుకలో ఏముంది మట్టి? అందులోనూ పురుగుమందు ఎంత విషమో తేల్చడానికి ల్యాబువాళ్లు ఎంచుకున్న చేపగుడ్డు దశే వేరు. దానికంటూ ఒక గాజుగిన్నె, గోరువెచ్చని నీళ్లు, కొలిచి వేసిన ఒకే ఒక్క మందు. పైగా పెద్ద చదువులు చదివినవాళ్లు మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, దాని గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తూ కూర్చుంటారు. మీ గుండెను ఎవరైనా అంత శ్రద్ధగా చూశారా?

తిరువూరు దగ్గర పెనుగొలనులో ఏబెల్ ఈ వైభోగాన్ని కళ్లారా చూశాడు. పత్తిచేలకు మందు కొట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. అతని ల్యాబు అతని ముక్కే. సీసా మూత తీసి వాసన చూస్తాడు. కళ్లమ్మట నీళ్లు కారితే ఒరిజినల్, కారకపోతే నకిలీ. మాస్కు కడితే ఈ పరీక్ష కుదరదు కాబట్టి కట్టడు. ఏ ఒక్క మందునూ నమ్మడు కాబట్టి మూడు కలిపిస్తాడు. బిందెలతో నీళ్లు మోసి, డ్రమ్ములో పోసి, కర్రతో ఆ మూడింటినీ కలిపేది భార్య గ్లోరి. ఆమెకిప్పుడు ఐదో నెల.

మొన్న స్కూల్లో రైతుల మీటింగు పెట్టారు. కరుణశ్రీ అనే సైంటిస్టు మేడమ్ తెర మీద వీడియో వేశారు. గాజులాంటి గుడ్డు, లోపల తోక ఆడించే పిల్ల, టకటకా కొట్టుకునే గుండె. నీళ్లలో మందు కలిశాక ఆ గుండె మెల్లగా నెమ్మదించి ఆగిపోయింది.

ఏబెల్ లేచి నిలబడ్డాడు. "మేడమ్ గారూ, ఈ సరుకు ఏ షాపులో దొరుకుద్దండి? మాకిచ్చేదానికి పత్తికాయ తొలిచే గులాబీరంగు పురుగు కూడా చావట్లేదు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సైన్సు జనంలోకి వెళ్లడమంటే ఇదే కదా! మేడమ్ మాత్రం ఎందుకో మైకు కింద పెట్టేశారు.

చప్పట్లు కొట్టని మనిషి ఇంకొకరున్నారు. ఇంటికొచ్చాక గ్లోరి అడిగింది.

"దాని గుండె మేడమ్ గారు చూశారు. మన బిడ్డ గుండె ఎవరు చూస్తారయ్యా?"

"పిచ్చిదానా, మన బిడ్డేమన్నా చేపగుడ్డా?"

"కాదుగా. అదే నా భయం."

మర్నాడు చేలో ఏబెల్ గ్లోరి చంకలోంచి బిందె లాక్కుని, ఆమెను ఇంటికి పంపేశాడు. తనే నీళ్లు తెచ్చి డ్రమ్ము నింపుకున్నాడు.

విచిత్రం చూడండి, సీసా మూత ఇంకా తీయనే లేదు, అతని కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆ రోజు తెచ్చిన మందు ఒరిజినలే అయ్యుంటుంది!