ఆరో అంతస్తులో కలశం

సోమవారం పొద్దున ఆరున్నరకు కొండాపూర్‌లోని తమ వంటింట్లో హేమంత్ పాలగిన్నెలో చిటికెనవేలు ముంచి నిలబడ్డాడు. వారం మొత్తానికి పథకం సిద్ధంగా ఉంది. శుక్రవారం దాకా రోజూ ఒంటిగంటకు, అప్పుడే తోడుకున్న తియ్యటి పెరుగుతో అన్నం తినాలి. శుక్రవారం మూడింటికి విదేశీ క్లయింటుతో జరిగే సమీక్షలో కూర్చోవాలి. నాలుగున్నర దాకా లేవకూడదు. పథకంలో కష్టమైన భాగం ఆ చివరి వాక్యమే.

కిందటి రెండు సమీక్షల్లోనూ అతను మధ్యలో లేచిపోయాడు. మొదటిసారి ఇరవయ్యో నిమిషంలో, రెండోసారి పన్నెండో నిమిషంలో. రెండుసార్లూ "అర్జెంటు ఫోను" అన్నాడు గాని, ఫోను బల్లమీదే ఉండిపోవడం అందరూ చూశారు. మేనేజరు భీమేశ్వరరావుది కాకినాడ. మర్యాదస్తుడు కాబట్టి గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి మరీ చెప్పాడు. "మీ పని మీద నాకేం ఫిర్యాదు లేదండీ. కానీ ఈసారి కూడా మధ్యలో లేచారంటే ప్రాజెక్టు ప్రశాంతి గారికి అప్పగించేస్తానండి. ఏమీ అనుకోకండి." మూడేళ్ళు కూర్చుని కట్టిన ప్రాజెక్టు అది. ఏమీ అనుకోకుండా ఉండటం ఎవరి వల్లవుతుంది?

జ్వరమైతే చెప్పుకోవచ్చు, షుగరైతే చెప్పుకోవచ్చు, నడుంనొప్పి అంటే పదిమంది వచ్చి పరామర్శిస్తారు. పేగుల సంగతి మాత్రం ఆఫీసులో చెప్పుకోలేం. అయ్యో అనేవాడు ఒకడుంటే నవ్వేవాళ్ళు తొమ్మిదిమంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పేగుల్లో పుండూ లేదు, పుట్టా లేదు, వాటికున్నది ఒట్టి చికాకేనని తేల్చాడు. తిన్నదీ, తిన్నాక జరిగిందీ రాసిపెట్టుకుని, ఏది పడటం లేదో కనిపెట్టమన్నాడు. హేమంత్ ఎనిమిది వారాలు ఒక్క పూట తప్పకుండా రాశాడు. ఆ రాతల దెబ్బకు పచ్చి ఉల్లిపాయ పోయింది, మూడు పూటల టీ పోయింది, అనంతపురంలో పుట్టినవాడికి ప్రాణంతో సమానమైన ఉగ్గాని బజ్జీ కూడా పోయింది. మిగిలినవి అన్నం, బీరకాయ, ఇంట్లో తోడేసిన పెరుగు. ఆ పెరుగైనా పులిసింది పడదు, ప్యాకెట్టుది పడదు. తాజా పెరుగన్నం తిన్న రోజున మాత్రం కడుపు చెప్పిన మాట వింటోంది.

చిక్కల్లా ఒంటిగంటకు తాజాగా ఉండటం దగ్గరే వచ్చింది. రాత్రి తోడేస్తే ఎండలకు మధ్యాహ్నానికల్లా పులిసిపోతోంది. పొద్దున తోడేసి బైకు మీద తీసుకెళ్తే, నానక్‌రామ్‌గూడ ఆఫీసు చేరేసరికి గుంతల్లో ఊగి ఊగి అటు పాలూ కాక, ఇటు పెరుగూ కాక తయారవుతోంది.

"తోడుకునేటప్పుడు కదిలించకూడదని మా అవ్వ చెప్తా ఉండేది" అంది అతని భార్య రమ్య. "వెచ్చని పాలు ఫ్లాస్కులో ఎత్తకపో. ఆడికి పోయినంక తోడెయ్యి. చెంబులో అయితే వేడి నిలుస్తాది. మూత ఏంటికి, మంచి గుడ్డ కప్పితే సాలు."

అలా అని బీరువాలోంచి ఒక పసుపుపచ్చ జాకెట్టు ముక్క తీసి ఇచ్చింది. ఎప్పుడో ఎవరో వాయనంలో పెట్టింది. ఆ ఇంట్లో అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఏ ఇంట్లో మాత్రం లేవు?

ఆఫీసులో ఏసీ చలికి పాలు సాయంత్రం దాకా పాలుగానే ఉంటాయని హేమంత్‌కు ముందు వారమే తెలిసింది. ప్రింటరు మీద పెడితే కాగితాలకోసం వచ్చినవాళ్ళందరూ జరిపారు. ఆరో అంతస్తు మొత్తం వెతికితే, వెచ్చగానూ ఉండి, ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒకటే కనిపించింది. ప్యాంట్రీ పక్కన గోడకు బిగించిన దేవుడి మందిరం. చెక్క తలుపులు, లోపల పగలూ రాత్రీ వెలిగే బల్బు. "స్వామీ, శుక్రవారం దాకా కాస్త సర్దుకో" అని దండం పెట్టి, చెంబులో పాలు పోసి, తోడు కలిపి, జాకెట్టు ముక్క కప్పి, ఓ మూలకు పెట్టి వచ్చాడు.

ఒంటిగంటకు పెరుగు కత్తితో కోసుకునేలా తోడుకుని ఉంది. ఆ మధ్యాహ్నం కడుపు కిక్కురుమనలేదు. మంగళవారం కూడా అంతే. కాకపోతే చెంబుకు పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎవరో భక్తురాలు చేతికందిన వాటికల్లా బొట్టు పెడుతున్నట్టుందిలే అనుకుని, తుడిచేసి, తినేసి, కడిగేసుకున్నాడు. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బుధవారం పొద్దున యథాప్రకారం తోడేశాడు. ఒంటిగంటకు వెళ్ళేసరికి చెంబు మందిరం మధ్యలోకి వచ్చి కూర్చుంది. చుట్టూ మామిడాకులు, పైన కొబ్బరికాయ, ఆ కాయ మీద తన జాకెట్టు ముక్కే కోసుగా మడిచి కిరీటంలా పెట్టి ఉంది. హేమంత్ చెయ్యి చాపాడు.

"సార్ సార్, ముట్టకుండ్రి" అంటూ చీపురు అక్కడే వదిలేసి వచ్చింది లక్ష్మమ్మ. గోపన్‌పల్లి నుంచి వచ్చి ఆ అంతస్తు శుభ్రం చేసే మనిషి ఆమె. "ఎవరో పెద్ద మొక్కు మొక్కుకున్నరు. పుణ్యాత్ములు, పాలు పోసి జాకెట్ ముక్క గూడ పెట్టిండ్రు. కొబ్బరికాయ ఒక్కటే మర్శినట్టున్నరు. నేనే తెచ్చి పెట్టిన."

అది కలశం కాదమ్మా, నా మధ్యాహ్నం భోజనం అని చెప్పడానికి హేమంత్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే భీమేశ్వరరావు చెప్పులు విడిచి వచ్చి, కళ్ళు మూసుకుని మందిరం ముందు నిలబడ్డాడు. ఆయన కళ్ళు తెరిచేదాకా ఆగి, "సార్, ఆ చెంబు..." అన్నాడు హేమంత్.

"చెప్పకండి" అన్నాడు భీమేశ్వరరావు చెయ్యెత్తి. "ఎవరు పెట్టారో నాకు చెప్పకండి. మొక్కు బయటికి చెబితే ఫలితం పోతుందండీ. మన సమీక్ష కోసమే అయ్యుంటుంది. లక్ష్మమ్మా, శుక్రవారం మధ్యాహ్నం నేను ఉద్వాసన చెప్పేదాకా ఎవర్నీ ముట్టనివ్వకు."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నేనుండంగ ఎవరు ముడతరు?" అంది లక్ష్మమ్మ. అని నిజంగానే అక్కడ ఒక స్టూలు వేసుకుంది.

ఆ రోజు హేమంత్ ఒట్టి అన్నం తిన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పని. అరిస్తే చెంబు తనదని చెప్పాలి. చెంబు తనదంటే అందులో పెరుగెందుకో చెప్పాలి. పెరుగెందుకో చెబితే పేగులు బయటపడతాయి. గురువారానికి సంగతి ఇంకా ముదిరింది. టెస్టింగు చూసే ఆకాష్ పొద్దున్నే ఎగురుకుంటూ వచ్చాడు. "అన్నా, తొమ్మిది రోజుల సంది ఫెయిల్ అవుతున్న బిల్డ్, కలశానికి దండం పెట్టి రన్ కొడితే ఒక్కసారికే పాసైంది" అన్నాడు. ఈ మాట లిఫ్టులో నాలుగో అంతస్తుకు దిగి, మెట్లమీదుగా ఎనిమిదికి ఎక్కింది. మధ్యాహ్నానికి మందిరం ముందు ఐడీ కార్డుల వరస. ఎవరో అరటిపళ్ళు, ఎవరో తేనె సీసా, ఎవరో జీతం పెంపు అర్జీ మడిచి పెట్టారు. బల్బుకు తోడు పన్నెండు అగరొత్తులు. ఆ వెచ్చదనంలో చెంబులోని పెరుగు ఏ దశకు చేరుకుంటోందో హేమంత్ ఒక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం రమ్యకు అంతా చెప్పాడు. మూడేళ్ళ కష్టం ఒక చెంబు దగ్గర ఆగిపోయినందుకు అతనికి నిజంగా ఏడుపొచ్చింది. రమ్య నవ్వలేదు. "పెరుగు లేకుంటే లేకపాయ. బీరకాయ ఉడికించిస్తా, ఉప్పేసుకోని తిను. ఎనిమిది వారాలు నోరు కట్టుకున్నోనికి తొంభై నిముషాలు ఏం లెక్క? నువ్వు మాత్రం లేయొద్దు" అంది. లేవనని హేమంత్ మాటిచ్చాడు.

శుక్రవారం రెండింటికి భీమేశ్వరరావు నుదుట బొట్టుతో, జట్టు మొత్తాన్ని వెంటబెట్టుకుని మందిరం దగ్గరికొచ్చాడు. కలశాన్ని ఈశాన్యం వైపు కాస్త జరిపి, ఉద్వాసన మంత్రం చదివి, గుడ్డ తొలగించి, కొబ్బరికాయ తీశాడు. ఒక వాసన లేచింది. అందరూ అర అడుగు వెనక్కు వేశారు.

ఇక లాభం లేదనుకున్నాడు హేమంత్. "సార్, అది పెరుగు. నాదే. బుధవారం పొద్దున తోడేసింది."

భీమేశ్వరరావు కళ్ళు చెమ్మగిల్లాయి. "అయితే కలశం పెట్టింది మీరా? పంచామృతంతో పెట్టారన్నమాట. ఇంత చేసి ఒక్క మాట కూడా పైకి అనలేదు చూశారా" అన్నాడు.

"నాకు సిగ్గుగా ఉంది హేమంత్" అంది ప్రశాంతి. "ప్రాజెక్టు నాకొస్తుందేమోనని లోపల కొంచెం ఆశపడ్డాను. మీరేమో అందరికోసం మొక్కుకున్నారు."

"మొక్కు కాదండీ, పెరుగు" అన్నాడు హేమంత్. వినే స్థితిలో ఎవరూ లేరు.

"పులిసినట్టుంది కదా" అని గొణిగాడు ఆకాష్. "దేవుని కాడ ఉన్నది పులుస్తదా బిడ్డ? జర చక్కెర పడితే మంచిగైతది" అంది లక్ష్మమ్మ. చక్కెర పడింది. తేనె పడింది. నల్లబడిన అరటిపళ్ళు నలిపి వేశారు. నిన్న కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు కూడా వృథా పోకుండా అందులోనే పోశారు. శుక్రవారం ఒక్కపొద్దు కాబట్టి తను మాత్రం తిననని చెప్పి, లక్ష్మమ్మ ఆ పదార్థాన్ని టీ కప్పుల్లో నిండుగా పంచింది. మీటింగుకు ముందు పుణ్యమని కొందరు రెండోసారి పట్టారు.

హేమంత్ తన కప్పు కళ్ళకద్దుకుని కింద పెట్టాడు. "నాకు పడదు సార్."

"ప్రసాదం పడదనకూడదండీ."

"పడదండి. నా పేగులకు పుల్లటిది పడదు. ఎనిమిది వారాలు రాసి చూసుకున్నాను. అర్జెంటు ఫోనేమీ రాలేదు సార్, రెండుసార్లూ అందుకే లేచిపోయాను." చెప్పేశాక అతనికి గుండె తేలికైంది. ఆశ్చర్యం, ఎవరూ నవ్వలేదు. అందరి నోళ్ళూ ప్రసాదంతో నిండి ఉన్నాయి.

మూడింటికి సమీక్ష మొదలైంది. తెర మీద లండన్ నుంచి క్లయింటు, గ్లాసు గోడల గదిలో నలుగురు. మూడూ పద్దెనిమిదికి ఆకాష్ లేచాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మూడూ ఇరవై అయిదుకు ప్రశాంతి "అర్జెంట్ కాల్" అంది. ఆమె ఫోను బల్లమీదే ఉంది. మూడూ ముప్ఫై ఒకటికి భీమేశ్వరరావు తన ప్రసంగం మధ్యలో ఆగి, ఒక్క "అండి" కూడా అనకుండా గది దాటాడు. ఆయన ఉద్యోగ జీవితంలో అది మొదటిసారి.

హేమంత్ ఒంటరిగా మిగిలాడు. ఆకాష్ చెప్పాల్సిన టెస్టింగు తను చెప్పాడు, ప్రశాంతి చెప్పాల్సిన భద్రత తనే చెప్పాడు. సొంత చేత్తో కట్టింది కాబట్టి ఏదడిగినా జవాబుంది. మూడూ యాభైకి మాత్రం లోపల ఎక్కడో ఒక మెలిక కదిలింది. నుదుట చెమట పట్టింది. రమ్యకిచ్చిన మాట గుర్తుంది. అయినా చేతులు కుర్చీని పట్టుకుని లేవబోతున్నాయి. అంతలో గ్లాసు గోడ బయటి దృశ్యం కనిపించింది. వరండా చివర బాత్రూముల రెండు తలుపుల ముందూ బారులు. ఆకాష్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. భీమేశ్వరరావు చెప్పులు కూడా లేకుండా, అయిదో అంతస్తుకు వెళ్ళడానికి లిఫ్టు మీట నొక్కుతున్నాడు. లేచినా వెళ్ళడానికి చోటు లేదు. హేమంత్ మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. ఎటూ దారి లేదని తెలిశాక కడుపు కూడా కాసేపు గొణిగి ఊరుకుంది. నాలుగూ ముప్ఫై నాలుగుకు క్లయింటు థాంక్యూ చెప్పి తెర మూసేసింది. ఆ గదిలో ఇన్ని నిమిషాలు తను కూర్చోగలిగానని నమ్మకం కుదరక, హేమంత్ గడియారాన్ని మూడుసార్లు చూసుకున్నాడు.

అయిదున్నరకు భీమేశ్వరరావు ఓఆర్ఎస్ సీసాతో వచ్చి, చాలా జాగ్రత్తగా కుర్చీలో కూర్చున్నాడు.

"అది నిజంగా ఉత్త పెరుగేనా అండీ?"

"అవునండీ."

"ముందే చెప్పాల్సింది కదండీ."

"బుధవారం చెప్పబోయాను సార్. చెబితే ఫలితం పోతుందన్నారు."

ఆయన ఒక గుక్క తాగాడు. "మీరు ఇన్నాళ్ళూ ఇలాగే వేగుతున్నారన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "ప్రాజెక్టు మీదేనండి. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను."

హేమంత్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. భార్యకు ఫోను చేయబోతుంటే లండన్ నుంచి మెయిలు వచ్చింది. ఇద్దరూ కలిసే చదివారు. జట్టంతా లేచిపోయినా అంతసేపు కుర్చీలోంచి కదలకుండా, అన్నిటికీ ఒక్కడే అంత ప్రశాంతంగా సమాధానం చెప్పిన మనిషిని తాను ఇంతవరకూ చూడలేదని క్లయింటు మెచ్చుకుంది. అతనితో మాట్లాడటానికి గంటన్నర ఏ మూలకూ చాలలేదట; వచ్చే నెల నుంచి సమీక్ష మూడు గంటలు.