తుమ్ముకు గట్టిమేళం

ఊత్తంగరైలో చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లు నీళ్ళలో కొట్టుకుపోయిన వరదల ఏడాది అది. వానలు వెలిసినా బురద ఆరలేదు. ఆ బురదలో కెలమంగలం దగ్గర రాజప్ప బండి జారి, కుడి మణికట్టు విరిగింది. ఎవరి మణికట్టు విరిగితే వాళ్ళకే అన్నం తినడం కష్టం. రాజప్ప డోలు వాయించే మనిషి కాబట్టి, అతని మణికట్టు విరిగితే నాగస్వరం వాయించే ఆంజప్పకు కూడా అన్నం కష్టమైంది. డోలు లేని నాగస్వరాన్ని పెళ్ళికి పిలిచేవాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడే డెంకణికోటలో ధనశేఖర్ కూతురి పెళ్ళి వచ్చింది. ధనశేఖర్‌కు తళిలో గులాబీ తోటలున్నాయి. పెళ్ళి జరిగే కల్యాణ మంటపమూ ఆయనదే. "ఈ పెండ్లి బాగా జరిపిస్తే ఇంగ ఈ మంటపానికి మీ మేళమే ఖాయం ఆంజప్పా. లేదంటే కృష్ణగిరి బ్యాండు వాళ్ళు అడగతా ఉండారు" అని ఆయన ముందే చెప్పాడు. ఆంజప్ప తలూపి వచ్చాడు. ఆయనకు మాట తక్కువ, తలూపడం ఎక్కువ.

"డోలు యాడుండాదని తలూపినావు?" అని ఇంటి దగ్గర నంజమ్మ నిలదీసింది.

ఆంజప్ప వాకిట్లో కూర్చొని నాగస్వరం పీక తడుపుకుంటూ ఉండిపోయాడు. భార్య అడిగిన చాలా ప్రశ్నలకు ఆయన పీక తడుపుకోవడమే జవాబు. ఈసారి మాత్రం జవాబు లోపలినుంచి వచ్చింది.

"డోలు నా దగ్గర ఉండాది అత్తా" అంది కోడలు రేణు.

రేణు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతుంది. చిన్నప్పుడు కీబోర్డు మీద సరళీ వరసలు, గీతాలు నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ ముందు కూర్చొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాటలు కడుతుంది. రాజప్ప చెయ్యి బాగున్న రోజుల్లో అతని డోలు దెబ్బలన్నీ ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించి పెట్టుకుంది. రబ్బరు గుండీలున్న చిన్న ప్యాడ్ దానికి తగిలిస్తే, ఏ గుండీ నొక్కితే ఆ దెబ్బ పలుకుతుంది. ఆ దెబ్బలు పేర్చి ఆ సాయంత్రమే ఒక డోలు మేళం తయారు చేసి మామకు వినిపించింది.

ఆంజప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది డోలు కాదు. పిండిమిల్లు" అన్నాడు.

"కరెక్టుగా కొడతా ఉందే మామా?"

"మిల్లు కూడా కరెక్టే."

చూడటానికొచ్చిన రాజప్ప, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నా దెబ్బలే, నన్నే ఎవరో కొడతా ఉన్నట్ల ఉండాది" అని బాధపడ్డాడు.

రేణుకు కోపం రాలేదు. తప్పు ఎక్కడో చూపమంది. ఆంజప్ప నాగస్వరం ఎత్తి ఒక కీర్తన పల్లవి వాయించాడు. "నా గొంతు చూడమ్మా. నేను గాలి పీలుస్తానే, అప్పుడు డోలు నిలబడల్ల. నేను సాగదీస్తే అది కూడా సాగల్ల" అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు. రేణు చూసింది. మళ్ళీ కట్టింది. అక్కడొక దెబ్బ వెనక్కి జరిపింది, ఇక్కడొకటి మెత్తబరిచింది. తిశ్రం నడకనుంచి మిశ్రం నడకకు తాళం ఎలా దాటాలో గీతాల్లో నేర్చింది గుర్తు తెచ్చుకుంది. పెళ్ళి దగ్గరపడేసరికి పిండిమిల్లు మనిషైంది. రాజప్ప మళ్ళీ వచ్చి విన్నాడు. అతని మోకాలు దానంతటదే తాళం వేసింది.

ఇక మిగిలింది గట్టిమేళం. తాళి కట్టే క్షణంలో డోలూ నాగస్వరమూ ఉన్న బలమంతా పెట్టి మోగాలి. ఆ మోత వినగానే హాల్లో ఉన్నవాళ్ళంతా అక్షతలు వేస్తారు.

"అంత గట్టిగా ఎందుకు మామా?"

"తుమ్ము వినపడగూడదు. తాళి కట్టేటప్పుడు ఎవరన్నా తుమ్మితే అపశకునం."

చిక్కంతా ఆ మాటతో మొదలైంది. రేణు పనిచేసే ఫ్యాక్టరీలో వంకర ముక్క వస్తే యంత్రం తనంతట తానే కనిపెట్టి లైను నిలిపేస్తుంది. తుమ్ము వస్తే మేళం తనంతట తానే ఎందుకు మొదలు కాకూడదు? ఆమె ల్యాప్‌టాప్‌కు తుమ్ము నేర్పింది. నంజమ్మ తుమ్ము, రాజప్ప తుమ్ము, పక్కింటి పరిమళ తుమ్ము, అన్నీ వినిపించింది. పెళ్ళి చేయించే పురోహితుడు ఐనోరి ముందుండే మైకుకు దాని వైరు తగిలిస్తే, అందులో తుమ్ము పడితే చాలు, మరుక్షణం గట్టిమేళం మోగుతుంది. ఈ సంగతి ఆమె మామకు చెప్పలేదు. పెళ్ళిలో చూసి సంతోషపడతాడని అనుకుంది.

పెళ్ళి రోజు పొద్దున అనుకున్న పని చాలా మామూలు. ఆంజప్ప, ల్యాప్‌టాప్‌తో రేణు, కట్టు చేత్తో రాజప్ప వేదిక పక్కన కూర్చుంటారు. పూజ దగ్గర నెమ్మదిగా వాయిస్తారు. ముహూర్తానికి ఐనోరు వేలెత్తగానే గట్టిమేళం. తరువాత భోజనం. ఐనోరు ఉపేంద్ర ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ చేయించే మనిషి. గొంతు గంటలా ఉంటుంది. ఆయన పెళ్ళికొడుకును కూర్చోబెట్టుకుని గణపతి పూజ మొదలుపెట్టాడు. పెళ్ళికూతురు పవిత్ర ఇంకా లోపల చీర కట్టుకుంటోంది.

పెళ్ళికొడుకు మేనమామ పరశురామ్ ముక్కుపొడి పీల్చే మనిషి. మేనల్లుడి తలపాగా సర్దడానికి వేదిక ఎక్కి, మైకు మీదికి వంగి, ఒక్క తుమ్ము తుమ్మాడు.

గట్టిమేళం మోగింది.

డోలు మొదలయ్యాక నాగస్వరం ఊరుకోకూడదు. డోలును ఒంటరిగా వదిలేవాడు విద్వాంసుడు కాదు. ఆంజప్ప ఏమిటని అడగలేదు, ఎందుకని చూడలేదు. పీక నోట పెట్టుకుని ఊపిరి పట్టి వాయించాడు. నాగస్వరం కూడా కలిసేసరికి హాల్లో ఎవరికీ అనుమానం మిగల్లేదు. అందరూ లేచి అక్షతలు విసిరారు. వేదిక మీద ఉన్నది పెళ్ళికొడుకూ, ఐనోరూ, పరశురామూ ముగ్గురే. దీవెనలు ఆ ముగ్గురి మీదా సమంగా పడ్డాయి.

"పెండ్లికూతురు యాడ?" అని ఎవరో అడిగారు.

"ఇంగా చీర కడతా ఉండాదంట."

"మరి ఇప్పుడు ఎవరికెవరికి అయినట్ల?"

"మామా, చూసినావా? తుమ్ము పడనీలేదు!" అని రేణు మెల్లగా అంది. అప్పుడు ఆంజప్పకు సంగతి అర్థమైంది. కానీ ఆయన ఏదైనా అనేలోపు అక్షతల్లోని పసుపు పొడి మబ్బులా లేచి వేదిక మీదికి దిగింది. ఐనోరు తుమ్మాడు. మేళం మోగింది. ఆంజప్ప వాయించాడు. జనం విసిరారు. పసుపు లేచింది. పెళ్ళికొడుకు తుమ్మాడు.

"తీసేస్తా మామా, ఆ వైరు తీసేస్తా" అని రేణు వంగింది.

"మధ్యలో ఆపగూడదు! మొదలుపెట్టిన గట్టిమేళం మధ్యలో ఆపితే వంశానికి కీడు" అని ఆంజప్ప ఊపిరి తీసుకునే సందులో చెప్పి మళ్ళీ ఊదాడు. అది అయ్యేసరికి ఇంకో తుమ్ము వచ్చింది. దాన్నీ మధ్యలో ఆపకూడదు.

"నా చెయ్యి విరిగినా నా డోలు నిలవకుండా ఉండాది" అన్నాడు రాజప్ప. అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

భోజనాల హాల్లో వంటవాళ్ళు గట్టిమేళం విన్నారు. తాళి పడిందని వడ్డన మొదలుపెట్టారు. కెలమంగలం బస్సు పట్టుకోవాల్సినవాళ్ళు గబగబా తిని, పెళ్ళికొడుకు దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, "ఇద్దరూ చల్లగా ఉండండప్పా" అని పక్కనున్న పరశురామ్‌ను కూడా కలిపి దీవించి వెళ్ళిపోయారు. లోపల పవిత్రకు ఆ మోతలన్నీ వినిపించాయి. ఆమె సగం జడతోనే పరుగెత్తుకొచ్చి వేదిక ముందు నిలబడింది.

"నాయనా, నేను లేకుండా ఎవరికి కట్టించేసినావు?" అని ఏడ్చింది.

ఏడుపుకు ముక్కు కారింది. ముక్కు కారితే తుమ్ము వచ్చింది. మేళం మోగింది. అక్షతలు విసిరేవాళ్ళ దగ్గర ఇక అక్షతలు లేవు. చేతులు మాత్రం విసిరారు.

"ఆ మేళం వాళ్ళను బయటికి తోయండి ముందు!" అని ఐనోరు ఉపేంద్ర కండువాతో ముక్కు మూసుకుని అరిచాడు. "ఇరవై ఏండ్లలో ఇట్లాంటి అపచారం చూళ్ళేదు నేను!"

ధనశేఖర్ మొహం ఆయన గులాబీల రంగుకు వచ్చింది. ఆంజప్ప మేళం నిండుగా ముగించి నాగస్వరం దించిన తరువాతే రేణు మైకు వైరు పీకింది. వైరు చుట్టి సంచిలో వేసింది. ఒళ్ళో ఉన్న రబ్బరు గుండీల ప్యాడ్‌ను మాత్రం, ఎక్కడ పెట్టాలో తెలియక, అలాగే పట్టుకుని ఉంది.

"తోసే టైము లేదు, ముహూర్తం వచ్చేసింది" అన్నాడు ధనశేఖర్. "ఆంజప్పా, నువ్వు చేసింది చాలు. ఇంగ ఒక్క చప్పుడు వద్దు. మేళమూ వద్దు, గీళమూ వద్దు. అందరూ ముక్కులు పట్టుకోండి. తుమ్మినోడికి అన్నం లేదు!"

అన్నం తిని వచ్చినవాళ్ళు కూడా ముక్కులు పట్టుకున్నారు. హాలు హాలంతా రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని వేదిక వైపు చూసింది. ఆంజప్ప తల దించుకుని కూర్చున్నాడు. మంటపం పోయింది. ఈ మాట కృష్ణగిరి దాకా పోతుంది. రాజప్ప చెయ్యి బాగయ్యాక కూడా పిలిచేవాళ్ళు ఉండరు. కోడల్ని ఏమీ అనాలనిపించలేదు. తుమ్ము సంగతి చెప్పింది తానే.

పవిత్ర కూర్చుంది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని ఆమె మెడ దగ్గరికి చేతులు చాచాడు. ఐనోరు అలవాటు కొద్దీ వేలెత్తాడు. ఏ చప్పుడూ రాలేదు. ఆయన మాంగల్య శ్లోకం అందుకున్నాడు. మొదటి పాదం గంటలా మోగింది, హాలు చివరి గోడ దాకా వినిపించింది. రెండో పాదం కొంచెం మెల్లగా వచ్చింది. మూడో పాదం దగ్గర పెదవులు మాత్రమే కదిలాయి. పెళ్ళికొడుకు ముడి వేయాలా వద్దా అని ఆయన మొహం వైపు చూశాడు. అంతమందీ చూశారు. ముక్కులు మూసుకున్నవాళ్ళకు చెవులు మరీ బాగా వినిపిస్తాయి.

ఐనోరు గొంతు సవరించుకుని మొదటి పాదం మళ్ళీ చెప్పాడు. అది మళ్ళీ గంటలాగే మోగింది. తరువాతి పాదం రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ శ్లోకం వెనక సగాన్ని ప్రతి పెళ్ళిలోనూ గట్టిమేళమే చెబుతూ వచ్చింది. ఆయనకు దాని అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆయన కళ్ళు మెల్లగా తిరిగి ఆంజప్ప మీద నిలిచాయి.

ఆ చూపు ఆంజప్పకు తెలుసు. కచేరీ మధ్యలో తరువాతి స్వరం మరిచినవాడు పక్కవాడి వైపు అలాగే చూస్తాడు. అలా చూసినవాడిని వదిలేయకూడదు. ధనశేఖర్ ఒక్క చప్పుడు వద్దన్నాడు. ఆంజప్ప ఒక్క క్షణం ఆలోచించి, నాగస్వరం ఎత్తి, ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేలా ఊదాడు.

రేణు మామ గొంతు వైపు చూసింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తాను చేసేది ఏమీ లేదు. ఆమె వేళ్ళు గుండీల మీద పడ్డాయి. రాజప్ప దెబ్బలు ఒక్కొక్కటే ఆమె వేళ్ళలోంచి లేచాయి. ఆయన సాగదీస్తే సాగదీసింది. ఆయన గాలి పీలిస్తే నిలబడింది. రాజప్ప కట్టు కట్టిన చేత్తోనే తొడ మీద తాళం వేసి, నొప్పికి కళ్ళ నీళ్ళు వచ్చినా ఆపలేదు. ఆ మోతలో మూడు ముళ్ళూ పడ్డాయి. ఐనోరు పెదవులు ధైర్యంగా కదిలాయి. అక్షతలు లేవు కాబట్టి ఆడవాళ్ళు తలల్లోని పూలు తీసి విసిరారు.

మేళం నిలిచాక ధనశేఖర్ నేరుగా వచ్చి ఆంజప్ప ముందు నిలబడ్డాడు. "నేను ఏం చెప్పినాను, నువ్వేం చేసినావప్పా?"

ఆంజప్ప పీక తడుపుకున్నాడు.

"ధనశేఖరప్పా!" అని వేదిక మీదినుంచి ఐనోరు గొంతు గంటలా మోగింది. "మేళం లేని మాంగల్యం శాస్త్రం కాదు. ఈ మంటపంలో ఇంగ వీళ్ళ మేళమే ఉండల్ల. కృష్ణగిరి బ్యాండు వస్తే నేను రాను."

"ఇందాక వీళ్ళను బయటికి తోయమంటివే సామీ?"

"అప్పటికి వీళ్ళ విద్వత్తు నాకు తెలీలేదు" అన్నాడు ఉపేంద్ర.

ఐనోరు లేకుండా పెళ్ళిళ్ళు జరగవు. పెళ్ళిళ్ళు జరగకుంటే మంటపం గోడౌనవుతుంది. ధనశేఖర్ కాసేపు గోడల వైపు చూసి, "సరే, మీరే ఉండండి. ఆ తుమ్ముల మిషను మాత్రం ఇంట్లో పెట్టి రండి" అన్నాడు. ఆంజప్ప తలూపాడు.

ఇంటికి పోయే బస్సులో రేణు ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని మామ పక్కన కూర్చుంది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మామా, ఐనోరు శ్లోకం మరిచిపోయినారు కదా?"

"ఏమోనమ్మా" అన్నాడు ఆంజప్ప. "మేళంలో నాకు వినపళ్ళేదు."

తాతల కాలంనుంచి ఒక్క దెబ్బ మారకుండా వచ్చిన గట్టిమేళాన్ని, మరుసటి పొద్దున ఆంజప్ప కోడల్ని కూర్చోబెట్టుకుని ఐనోరికి మళ్ళీ పక్కకు చూసే పని పడకుండా ఇంకో అర శ్లోకమంత పొడిగించాడు.