ఆగ్నేయ మూల ఇంజిన్

డోన్ శివార్లలోని గగన ఇంజిన్ల అభివృద్ధి కేంద్రంలో తయారైన హెలికాప్టర్ ఇంజిన్‌కు వాస్తు దోషం ఉన్నట్లు అధికారికంగా నిర్ధారణ అయింది. పన్నెండు వందల అశ్వశక్తి గల ఆ ఇంజిన్ పరీక్షల్లో వంద గంటలు ఏకధాటిగా తిరిగింది. అయినా దోషం దోషమే కదా!

దాన్ని రూపొందించిన ఇంజినీరు ఫిరోజాకు తొమ్మిదేళ్లుగా ఒకటే ఆశ. తన ఇంజిన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, హెలికాప్టర్‌ను గాల్లోకి లేపాలి. అందుకు చైర్మన్ ఓబుళేశు సంతకం కావాలి. ఆయన మైదుకూరులో నలభై ఇళ్లు కట్టించిన అనుభవంతో ఈ పదవికి వచ్చిన మహానుభావుడు. ఇళ్లకు పిలిచిన సిద్ధాంతిని ఇంజిన్‌కు పిలవకపోతే పక్షపాతం అవుతుందని పిలిపించారు.

సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని ఇంజిన్ చుట్టూ మూడుసార్లు తిరిగి నిట్టూర్చారు. ఆగ్నేయంలో ఉండాల్సిన నిప్పు నట్టనడుమ ఉందట. నట్టనడుమంటే బ్రహ్మస్థానం, ఖాళీగా వదలాలి. అక్కడేమో ఇనుప షాఫ్టు నిమిషానికి నలభై వేల చుట్లు తిరుగుతుంది. రామ రామ!

"సార్, హెలికాప్టర్ తిరుగుతాది గదా. తిరిగినప్పుడు ఆగ్నేయం యాడికి పోతాది?" అని అడిగింది ఫిరోజా.

మంచి ప్రశ్నేనని మెచ్చుకుని ఓబుళేశు కమిటీ వేశారు. అహోబిలం అతిథిగృహంలో మూడు వారాలు మేధోమథనం జరిపిన కమిటీ, ఇకపై హెలికాప్టర్ తిరగరాదని తీర్మానించింది. లేచిందంటే తూర్పుకే పోవాలి. వెనక్కి తేవడానికి ఒక లారీ మంజూరైంది.

ఇట్లయితే ఇంజిన్ పని చెయ్యదని ఫిరోజా నెత్తీ నోరూ బాదుకుంది. మార్పులు చేస్తేనే సంతకమన్నారు. నిప్పుండే మంటగది ఆగ్నేయ మూలకు జరిగింది. షాఫ్టు పక్కకు పోయింది. ఖాళీ అయిన నడుమ పసుపు రాశారు. ప్రారంభోత్సవం నాడు మీట నొక్కితే ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు. ఫిరోజాకు ఏడుపొచ్చింది. ఓబుళేశు మాత్రం మైకు అందుకున్నారు.

"చూడండప్పా! చెవులు చిల్లులు పడని ఇంజిన్ లోకంలో ఒక్కటన్నా ఉండాదా? మనదానికి పొగ లేదు, చప్పుడు లేదు, చుక్క ఆయిలు తాగదు!"

చప్పట్లు మోగాయి.

సభ ముగిశాక చైర్మన్‌గారిని కడపకు తీసుకుపోవడానికి అద్దె హెలికాప్టర్ దిగింది. మూతి దక్షిణానికి పెట్టుకుని నిలబడింది. మెకానిక్ మూత తెరిచి చూస్తుంటే ఫిరోజా కూడా తొంగి చూసింది. నడుమ నిప్పు, నడుమ షాఫ్టు, అచ్చం తన పాత ఇంజినే. పరుగున పోయి చైర్మన్‌ను నిలదీసింది.

"ఏం తల్లీ, ఆ మాత్రం తెలీదా? అది ఫారిన్‌దమ్మా. దానికి మన వాస్తు యాడ తగులుతాది?" అన్నారాయన జాలిగా.

సిద్ధాంతిగారు అప్పటికే ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. హెలికాప్టర్ ఫిరోజా నెత్తిన ఇంత దుమ్ము పోసి, ఇష్టమొచ్చిన దిక్కుకు తిరిగి వెళ్లిపోయింది. చైర్మన్‌గారి మాటకు అక్కడున్నవాళ్లంతా నిజమే నిజమేనని తలలూపారు. చదువుతూ తమరు కూడా కాస్త ఊపారు, గమనించాం.