పెరటి దోమల ట్రాప్‌కి నా యోగ్యతాపత్రం

పెరట్లో పెట్టే దోమల ట్రాప్ పనిచేయదని మీలో ఎవరైనా అంటున్నారా? అయితే దాన్ని ఎందుకు పెడతారో మీకు తెలియదన్నమాట. ఆరు వారాలు దానితో కాపురం చేసినవాణ్ణి చెబుతున్నాను, వినండి. మనిషి కనిపెట్టిన యంత్రాల్లో దానంత నమ్మకమైనది ఇంకోటి లేదు. ఫ్రిజ్ చెడిపోతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది, అల్లుడు అలుగుతాడు. ట్రాప్ మాత్రం మొదటి రోజు ఎలా ఉందో చివరి రోజూ అలాగే ఉంది.

అందులో దోమలు పడ్డాయా అని మాత్రం అడక్కండి. అంత చిన్న ప్రశ్నలు వేసే పాఠకులు నాకుండరని నా నమ్మకం.

మా పెరటి గోడ వెనక మురుగు కాలువ ఉంది. కాలువ అంటే పారేదని మీరనుకుంటారు. మాది పారదు. రెండేళ్లుగా పూడిక తీసినవాడు లేక, సంచులూ సీసాలూ ఎవరిదో ఒక పాత పరుపూ అడ్డం పడి, నిమ్మకు నీరెత్తినట్టు పచ్చగా నిలబడి ఉంటుంది. దోమలకు అది ప్రసూతి ఆసుపత్రి. అన్నీ సుఖప్రసవాలే!

కిందటి వానాకాలం మా అమ్మాయికి దోమకాటు జ్వరం వచ్చింది. ఇప్పుడు ఏడో తరగతి. అప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. రక్తంలో కణాలు పడిపోతున్నాయని రోజూ సూది గుచ్చేవాళ్లు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి, "రెండోసారి వస్తే మొదటిసారిలా ఉండదు. రాకుండా చూసుకోండి" అన్నాడు. అప్పటినుంచి నాకు భయం. ఇది రాస్తున్నప్పుడు కూడా భయంగానే ఉంది. వ్యంగ్యం రాసేవాడు భయపడకూడదని రూలేమీ లేదు కదా?

డాక్టరు మాటని మా ఇంట్లో అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా అత్తగారు. ఆవిడ ముప్పై రెండేళ్లు వార్డు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. మాతోనే ఉంటారు. మంచం దుప్పటి మీద ముడత కనిపిస్తే ఆవిడకి అన్నం సయించదు. అలాంటి మనిషి ఇంటి వెనక ఆ కాలువ! ప్రతి సోమవారం అర్జీ రాసి పారిశుద్ధ్యం ఆఫీసులో ఇచ్చి వచ్చేవారు. అలా పంతొమ్మిది అర్జీలు. పంతొమ్మిదిసార్లూ ఒకటే జవాబు: "పైవాళ్లు చూస్తారండి." పైవాళ్లకి చీమ కుట్టినట్టయినా లేదు. చీమే కుట్టనివాళ్లని దోమ ఎక్కడ కుడుతుంది?

ఒకసారి ఆవిడే ఇద్దరు కూలీలని మాట్లాడి పారలిచ్చి కాలువలోకి దింపారు. అరగంటలో ఆఫీసు మనిషి పరుగున వచ్చాడు. అది ఆఫీసు కాలువట. అందులోని బురద ఆఫీసు బురదట. ముట్టుకుంటే కేసట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మన పెద్దలు ఊరికే అన్నారా!

ఇరవయ్యో అర్జీకి మాత్రం ఫలితం దక్కింది. ఆఫీసు కరిగింది. కాలువ బాగు చేయడానికి మనిషిని పంపలేదు. ట్రాప్‌ని పంపింది.

కొత్త పథకమట. వీధికి ఒక్క పెరడు ఎంచుకుని ట్రాప్ పెడతారు. వారానికోసారి మనిషి వచ్చి పడ్డ దోమల్ని లెక్కపెడతాడు. దోమలు ఎక్కువ పడిన వీధిలో కాలువ పూడిక తీస్తారు. మా వీధికి మా పెరడే ప్రతినిధి! ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను ఛాతీ విరుచుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చాను. దారిలో ఏడు దోమలు కుట్టాయి. వాటికి నా హోదా ఇంకా తెలియదు పాపం.

ఇక ట్రాప్ అందం చెప్పాలి. నడుమెత్తు నల్ల బకెట్టు, పైన చిన్న ఫ్యాన్, లోపల వల సంచి. సంచి పక్కన ఒక ప్యాకెట్టు ఉంటుంది. అది మనిషి చెమట వాసన వేస్తుంది. దోమ ఆ వాసనకి మనిషే అనుకుని వస్తుంది, ఫ్యాన్ లాగేస్తుంది, సంచిలో పడుతుంది. ఎంత తెలివో చూడండి!

చిన్న చిక్కల్లా కాగితంలో నాలుగో పేజీలో ఉంది. ట్రాప్‌ని మనుషులకు ముప్పై అడుగుల దూరంలో పెట్టాలట. దగ్గర్లో అసలు మనిషి ఉంటే దోమ నకిలీ మనిషి దగ్గరికి ఎందుకు వెళుతుంది? న్యాయమే. కానీ మా పెరడు మొత్తం పద్దెనిమిది అడుగులు. తక్కిన పన్నెండు అడుగులు ఎక్కడినుంచి తేవాలి? ట్రాప్ కదలదు కాబట్టి మేమే కదిలాం. సాయంత్రం పూట పెరడు ట్రాప్‌కి వదిలేసి, కుర్చీలు పట్టుకుని వీధి గుమ్మంలోకి పోయి కూర్చునేవాళ్లం. అక్కడ కూడా దోమలు కుట్టేవి. కానీ అవి పథకం బయటి దోమలు కదా!

మొదటి గురువారం లెక్కాయన వచ్చాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. చేతిలో పట్టకారు, భూతద్దం, అట్టకి బిగించిన కాగితం. సంచి విప్పి పావుగంట వెతికాడు. రెండు దోమలు, ఒక రెక్కల పురుగు, నాలుగు చీమలు. ఆ పావుగంటలో తన మెడ మీదా మోచేతుల మీదా ఆయన ఎన్నిసార్లు కొట్టుకున్నాడో కిటికీలోంచి మా అమ్మాయి లెక్కపెట్టింది. పద్నాలుగు.

అత్తగారు నిదానంగా అడిగారు. "మీ మెడ మీద చచ్చినవి కూడా రాసుకోండి బాబూ."

"అవి సంచిలో పడలేదండీ."

"సంచిలో పడకపోతే అవి దోమలు కావా?"

"దోమలేనండీ. లెక్కలోకి రావు."

ఆవిడ లోపలికి వెళ్లి ఆయన మెడకి రాసుకోమని మందు తెచ్చి ఇచ్చారు.

రెండో వారం సున్నా. మూడో వారం సున్నా. ఆ శనివారం వీధి మొదట్లో బోర్డు కట్టారు: ఈ వీధిలో దోమలు అత్యల్పం. ఇప్పుడు చెప్పండి, ఇరవై అర్జీలు చేయలేని పని ట్రాప్ మూడు వారాల్లో చేసిందా లేదా? రెండే రెండు దోమల్ని చంపి వీధి మొత్తంలో దోమలు లేకుండా చేసింది! అంతకుముందు నెలకోసారి పొగ బండి వచ్చేది. బోర్డు చూసి అది మలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోయింది. అవసరం లేదు కదా మరి. ఎదురింటి టైలరు ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటూ వచ్చి నాకు అభినందనలు చెప్పాడు.

ఆ సాయంత్రం అత్తగారు పథకం కాగితం కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అల్లుడుగారూ, వాళ్లకి లెక్క సంచిలోదేగా?"

"అవునండీ అత్తయ్యగారూ."

"అయితే సంచి నింపుదాం."

పాఠకులారా, మీరు మీ ఇంట్లో ఎప్పుడైనా పనిచేయని యంత్రం బదులు మీరు పనిచేశారా? చేసే ఉంటారు. కానీ మా అంత నిష్ఠగా చేసి ఉండరు. మర్నాటినుంచి సాయంత్రం అయిదయ్యేసరికి నేనూ మా ఆవిడా అత్తగారూ పెరట్లో దిగేవాళ్లం. దోమల బ్యాట్‌ని అత్తగారు నిషేధించారు. కాలిన దోమ పట్టుబడిపోతుందట. అరచేత్తో కొడితే నలిగిపోతుంది, అదీ పనికిరాదు. చివరికి ఆవిడే ఉపాయం చెప్పారు. స్టీలు పళ్లేనికి సబ్బు నురగ పూసి గాలిలో విసనకర్రలా ఊపాలి. దోమలు ఒళ్లు చెదరకుండా అంటుకుంటాయి. వాటిని ఒక్కొక్కటే పట్టకారుతో తీసి, ఆరబెట్టి, ఖాళీ మాత్రల సీసాలో వేసి, బుధవారం రాత్రి ట్రాప్ సంచిలోకి ఒంపాలి. ముగ్గురు పెద్దవాళ్లం చీకటి పడేదాకా పెరట్లో పళ్లాలు ఊపుతూ తిరుగుతుంటే, పక్కింటివాళ్లు మాకు మతి చలించిందని వాళ్ల చుట్టాలకి ఫోన్ చేసి చెప్పారట.

మా అమ్మాయికి మాత్రం గడప దాటే అనుమతి లేదు. నిండు చేతుల చొక్కా, కాళ్లకి మేజోళ్లు, వల బిగించిన కిటికీ వెనక కుర్చీ. లెక్క రాయడం దాని పని. ఎండాకాలం సెలవుల్లో పిల్లలంతా వీధిలో ఆడుతుంటే, అది ఉక్కపోతలో మేజోళ్లు వేసుకుని దోమలు లెక్కపెట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అది విసుక్కుని ఉంటే నాకు కొంచెం బాగుండేది.

నాలుగో గురువారం లెక్కాయన సంచి విప్పాడు. ముందు భూతద్దం తుడుచుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. నాలుగు వందల పన్నెండు. "నా సర్వీసులో ఇంత పని చేసిన ట్రాప్‌ని చూడలేదండీ" అన్నాడు. ఆ మంచివాణ్ణి మోసం చేసినందుకు నాకు సిగ్గేసింది. కానీ అత్తగారు కిటికీ వైపు చూపించారు. నేను నోరు మూసుకున్నాను.

వారం తిరక్కుండానే ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. ముగ్గురం ఒకేసారి చదివాం. "మీ పెరటి ట్రాప్ అద్భుతంగా పనిచేయుచున్నది. దోమలు పూర్తిగా అదుపులో ఉన్నందున మీ కాలువకు పూడికతీత అవసరం లేదని నిర్ణయించడమైనది." ఉత్తరంతో పాటు బహుమానంగా మరో రెండు ట్రాప్‌లు.

చూశారా యంత్రం గొప్పతనం! దోమలు పడకపోతే వీధిలో దోమలు లేవు, కాబట్టి కాలువ బాగు చేయక్కర్లేదు. దోమలు పడితే ట్రాప్ చూసుకుంటోంది, కాబట్టి కాలువ బాగు చేయక్కర్లేదు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. ఇంత నిలకడగా పనిచేసే వస్తువుని పట్టుకుని పనిచేయదంటారా?

అత్తగారు ఉత్తరాన్ని ఇరవై అర్జీల నకళ్ల మీద పెట్టి దారం కట్టారు. ముడి రెండుసార్లు జారిపోయింది. ముప్పై రెండేళ్లు కట్లు కట్టిన చేతులవి.

ఇక్కడే ట్రాప్ అసలు శక్తి బయటపడింది. నాలుగు వందల పన్నెండు అనే అంకె గాలిలో వాసనలా పాకి, పైవాళ్ల దాకా వెళ్లింది. రికార్డు కొట్టిన ట్రాప్‌ని చూడ్డానికి పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. ఫోటోగ్రాఫర్‌తో సహా! ఆయన రావడానికి మూడు రోజుల ముందు పొద్దున్న ఆరింటికి గోడ వెనక పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే యంత్రం, పదకొండు మంది మనుషులు. పెద్దాఫీసరు ముక్కు దగ్గరికి ఆ కంపు రాకూడదు కదా. పరుపు బయటికొచ్చింది. సంచులూ సీసాలూ రెండు లారీలు అయ్యాయి. మధ్యాహ్నం లోపల కాలువ పారింది. గట్టు పొడుగునా బ్లీచింగ్ పౌడర్ గీతలు గీశారు. సాయంత్రం మర్చిపోయిన పొగ బండి కూడా వచ్చింది.

అత్తగారు గోడ పక్కన స్టూలు వేసుకుని ఎక్కి, నీళ్లు పారడం చాలాసేపు చూశారు. కొంగుతో కళ్లొత్తుకున్నారు. "అరపూట పనిరా బాబూ ఇది" అన్నారు. నన్ను ఆవిడ ఏకవచనంలో పిలవడం పెళ్లయిన పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి. నాతోనే అన్నారో, ఇంకెవరితో అన్నారో తెలియదు.

ఆ మూడు రోజులూ మా అమ్మాయి పెరట్లో ఆడుకుంది. మేజోళ్లు లేకుండా.

పెద్దాఫీసరు వచ్చాడు. ఫోటోగ్రాఫర్ సిద్ధమయ్యాడు. లెక్కాయన మొదటి సంచి విప్పాడు. ఏమీ లేదు. రెండోది విప్పాడు. ఏమీ లేదు. మూడోదాంట్లో ఒక రెక్కల పురుగు. లెక్కాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"దోమలేవయ్యా?" అన్నాడు పెద్దాఫీసరు.

"కాలువ బాగు చేయించారు కదండీ. ఇక లేవు" అన్నారు అత్తగారు, నర్సు పెద్ద డాక్టరుకి చెప్పినంత మర్యాదగా.

ఆయన ఆవిడ మాట విన్నాడు. తల ఊపాడు. లెక్కాయన వైపు తిరిగాడు. "అంటే ట్రాప్ పాడైపోయిందన్నమాట" అన్నాడు.

మూడింటినీ ఆ మధ్యాహ్నమే బండిలో ఎక్కించారు. ట్రాప్‌లే లేని పెరటికి ఇక ఎవరూ రారు కదా. లెక్కాయన వెళుతూ వెళుతూ మా గుమ్మం దగ్గర ఆగి, "ఆ నాలుగు వందల పన్నెండు ఎలా పడ్డాయో నాకు మొన్ననే అర్థమైందండీ. సంచిలోంచి సబ్బు వాసన వచ్చింది" అన్నాడు. ఎవరికీ చెప్పనన్నాడు. చెప్పలేదు.

అందుకే ఈ యోగ్యతాపత్రం రాస్తున్నాను. దోమల ట్రాప్ దోమల కోసం అనుకోవడం మన అజ్ఞానం. అది ఆఫీసర్ల కోసం. చెమట వాసనకి దోమ వచ్చినట్టు, పెద్ద అంకె వాసనకి ఆఫీసరు వస్తాడు. ఆయన వెనకాలే యంత్రం వస్తుంది, మనుషులు వస్తారు, కాలువ పారుతుంది. మీ కాలువ కూడా నిలిచిపోయిందా? అర్జీలు రాయకండి. ట్రాప్ అడగండి.

ఇది జరిగి అయిదు వారాలైంది. కాలువలో మళ్లీ సంచులు చేరాయి. నిన్న ఎవరో విరిగిన కుర్చీ పడేశారు. నీళ్లు నిలిచాయి. మబ్బులు పడుతున్నాయి, వానాకాలం ఇవాళో రేపో అన్నట్టుంది. అత్తగారు ఇరవై ఒకటో అర్జీ పెట్టారు. కాలువ మాటే ఎత్తలేదు. మా ట్రాప్ మాకు తిరిగి ఇప్పించమని మాత్రమే రాశారు.

అది వచ్చేలోగా మేం ఖాళీగా కూర్చోలేదు. ఇది రాస్తుండగా పెరట్లో పళ్లాల చప్పుడు వినిపిస్తోంది. నా పళ్లెం నాకోసం ఎదురుచూస్తోంది. కిటికీ వెనకనుంచి మేజోళ్ల పిల్ల లెక్క చెబుతోంది.

"మూడు వందల తొంభై, అమ్మమ్మా."

"రికార్డు దాటాలంటే ఇంకా ఇరవై మూడు కావాలి తల్లీ. నువ్వు మాత్రం బయటికి రాకు."