వెలివేయమని విన్నపం

"నేటి నుంచి మన వైల్‌బాఖ్ పట్టణానికీ పోపుగారికీ ఎలాంటి సంబంధమూ లేదు" అని పురపెద్ద ష్టోఫెల్ గారు సంత మధ్యలో బల్ల ఎక్కి ప్రకటించారు. జనం టోపీలు ఎగరేశారు. ఆ సంబంధం అంతకుముందు ఏ రూపంలో ఉండేదో ఎవరికీ తెలియదుగానీ, పోయినందుకు మాత్రం అందరికీ ఒళ్లు తేలికపడింది. పోపుగారికి ఎలా అనిపించిందో తెలియలేదు. అసలు మా ఊరంటూ ఒకటుందని ఆయనకు తెలిసిన దాఖలాలు లేవు.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది మా పాదరీ గంగోల్ఫ్ గారు. పోపుగారు కూడదన్నా, ఈ సంస్కరించిన మతంలో పాదరీలు పెళ్లి చేసుకోవచ్చు. ఆయన ఇంట్లో వంటమనిషి పేరుతో పన్నెండేళ్లుగా వ్రేనీ ఉంటోంది. ముగ్గురు పిల్లలు. ప్రతి కాన్పుకీ బిషప్పుగారి కచేరీలో, పాదరీకి బిడ్డ పుడితే వేసే ఊయల పన్ను కట్టి రశీదు తెచ్చుకున్న నిజాయితీపరుడాయన. నలుగురిలో వ్రేనీ ఆయన్ని "ఫాదర్ గారూ" అనేది, వంటింట్లో "ఏమయ్యా" అనేది. పిల్లలు రెండు చోట్లా "మామయ్యా" అనేవారు.

"ఏమయ్యా, మరి పెళ్లెప్పుడు?" అంది వ్రేనీ ఆ సాయంత్రమే.

"ఇంక అడ్డేముంది? కౌన్సిల్ ఒక్క మాట అంటే చాలు."

కౌన్సిల్ ఆ మాట అనలేదు. దానికో కారణముంది. పక్కనున్న ఆల్టెన్‌రీడ్ వాళ్లను పోపుగారు స్వయంగా వెలివేశారు. సీసపు ముద్ర వేలాడే వెలిపత్రాన్ని వాళ్లు సభామందిరంలో పటం కట్టి పెట్టుకున్నారు. మా పెద్దలు వెళ్లి చూసొచ్చారు. రెండు రోజులు వాళ్లకు ముద్ద దిగలేదు.

"వాళ్లకన్నా మనమెందులో తక్కువ?" అన్నారు ష్టోఫెల్ గారు. "వెలిపత్రం లేకుండా విడిపోయామంటే నమ్మేదెవడు? మీ పెళ్లీ అంతేనండి ఫాదర్. పత్రం రానివ్వండి, ఊరు ఊరంతా కలిసి చేద్దాం."

గంగోల్ఫ్ గారు తలూపారు. తలూపడంలో ఆయనకు మంచి సాధన ఉంది. "నా ధైర్యం పండగ కోటులాంటిది. పెట్టెలో భద్రంగా ఉంటుంది" అని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. తన గురించి తాను అంత నిజం చెప్పుకోగల మనిషిని మేమింకొకర్ని చూడలేదు.

పత్రం కోసం ఉద్యమం మొదలైంది. మాంసం ముట్టకూడని గుడ్ ఫ్రైడే రోజున కౌన్సిల్ సభ్యులు పన్నెండుమందీ బిషప్పుగారి ఏజెంటు కిటికీ ముందు నిలబడి, ఆయనకు కనబడేలా సాసేజీలు తిన్నారు. ఏజెంటు కిటికీ తెరిచి, "ఉత్తిగా ఎలా మింగుతున్నారయ్యా?" అని నూరిన ఆవాలు గిన్నెడు పంపించాడు. తర్వాత గుళ్లో విగ్రహాలు తీసేశారు. ఏది ఎవరి తాత చేయించాడో చూసి, ఎవరి ఇంటికి వాళ్లవి గడ్డి చుట్టి పంపారు. పునీత బార్బరా ష్టోఫెల్ గారి వంటింట్లో కుదురుకుంది. ఆవిడ చేతికి గరిటెలు తగిలిస్తారు తప్ప, పాత భక్తి ఏమాత్రం లేదు.

అయినా ఎవరూ వెలివేయలేదు. చివరికి, "మా పట్టణాన్ని దయతో వెలివేయవలసిందిగా ప్రార్థన" అంటూ గంగోల్ఫ్ గారి చేత లాటిన్‌లో అర్జీ రాయించి బిషప్పుగారి కచేరీకి పంపారు.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. గంగోల్ఫ్ గారు నిండు సభలో లేచి చదివారు.

"మీ అర్జీ పరిశీలించడమైనది. చేపల పన్ను వసూలుకు వచ్చిన మా ఉద్యోగిని కొట్టి ఏట్లో పడేసినందుకు మీ పట్టణాన్ని ఎనభై మూడేళ్ల కిందటే వెలివేసినట్టు దస్త్రాల్లో ఉన్నది. వెలివేసినవారిని మరల వెలివేయు పద్ధతి లేదు. కనుక అర్జీ తిరస్కరించడమైనది. నాటి పత్రం మీవద్దనే ఉండవలెను."

సభ బిక్కచచ్చిపోయింది. మూల కూర్చున్న గుమాస్తా లీన్‌హార్డ్, రాస్తున్న తీర్మానాల పుస్తకం మూసి అట్టకేసి చూశాడు. పెళ్లాం పోయినవాడు, నెమ్మదైనవాడు. చలికాలంలో పాదరీగారి వంటింటికి కట్టెలు కొట్టి పెట్టేది అతనే.

"ఫాదర్, ఈ తోలు మీద ఉన్నదేంటో కాస్త చూస్తారా?"

మా ఊళ్లో పనికిరాని తోలుపత్రాలను పుస్తకాలకు అట్టలుగా కుట్టడం అలవాటు. అక్షరాలు ముద్దొస్తున్నాయని ఈ పుస్తకాన్ని అందరూ మెచ్చుకునేవారు. లాటిన్ చదవగలిగిన ఏకైక వ్యక్తి గంగోల్ఫ్ గారు దానిమీద మోచెయ్యి ఆనించి పదేళ్లు సభల్లో కూర్చున్నారు. ఇప్పుడు మోచెయ్యి తీసి చదివారు. అదే వెలిపత్రం.

అందరికన్నా ముందు తేరుకున్నది ష్టోఫెల్ గారు. నాయకుడంటే అలా ఉండాలి. "లోపల ఉన్నవాడేగా బయటికి రాగలిగేది? ముందు తప్పయిపోయిందని రాసి పోపుగారి దగ్గర మళ్లీ చేరదాం. ఆ తర్వాత తలెత్తుకుని విడిపోదాం."

తీర్మానం ఏకగ్రీవం. గంగోల్ఫ్ గారి చెయ్యి కూడా అలవాటుకొద్దీ లేచింది. క్షమాపణ అర్జీ రాసే గౌరవం ఆయనకే దక్కింది.

ఇంట్లో వ్రేనీ బార్లీ జావ కలుపుతూ అంతా వింది.

"అంటే నేనీ ఇంట్లో కాలుపెట్టే నాటికే నువ్వు వెలిలో ఉన్నావు."

"ఆఁ, ఒకరకంగా."

"పోపు కట్టుబాటు నీకు లేనే లేదు."

"లేనట్టే."

"మరి పన్నెండేళ్లు నిన్ను ఆపిందెవరయ్యా?"

గంగోల్ఫ్ గారు జర్మన్‌లో ఆలోచించారు, లాటిన్‌లోనూ ఆలోచించారు. ఎందులోనూ ఒకే ఒక్క పేరు తప్ప దొరకలేదు. ఆ పేరు పైకి చెప్పలేక, "ఈ అర్జీ ఒక్కటీ వెళ్లనీ వ్రేనీ, ఇంకొక్క ఏడాది" అన్నారు.

వ్రేనీ గరిటె పక్కన పెట్టింది. "వచ్చే ఆదివారం గుళ్లో నా పెళ్లి. నువ్వు పెళ్లికొడుకుగా వస్తే నాకంతకన్నా ఏం కావాలి? పాదరీగానే వస్తానంటావా, సరే. పాదరీ కూడా కావాలిగా."

ఆదివారం పొద్దున్నే గంగోల్ఫ్ గారు నిజంగానే పెట్టె తెరిచి పండగ కోటు తొడుక్కున్నారు. వీధి సగం దాటారు. అక్కడ ష్టోఫెల్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏంటండీ ఫాదర్ ఈ వేషం? పశ్చాత్తాపమని రాసిన సిరా ఇంకా ఆరలేదు. ఏజెంటు చూస్తే?"

గంగోల్ఫ్ గారు తలూపారు. ఇంటికెళ్లి కోటు మడిచి పెట్టెలో పెట్టి, పాదరీ అంగీ వేసుకుని గుడికి వచ్చారు.

వ్రేనీ తెల్లటి టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. గుమ్మం వైపే చూస్తోంది. అంగీ చూసి తల తిప్పేసుకుంది. పక్కకు వచ్చి నిలబడ్డవాడు లీన్‌హార్డ్. అతని కోటు కొత్తదేం కాదు, శుభ్రంగా ఉతికింది.

వైల్‌బాఖ్‌లో సంస్కరించిన పద్ధతిలో మొదటి పెళ్లి ఆ విధంగా గంగోల్ఫ్ గారి చేతుల మీదుగా జరిగింది. ధైర్యం గురించి ఆయన చేసిన ప్రసంగం ఊరందరినీ కదిలించింది. చివర్లో ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి, ఎంత భక్తి అనుకున్నారు.

అంతా అయ్యాక పిల్లల్లో చిన్నది వచ్చి ఆయన అంగీ పట్టి లాగింది.

"మామయ్యా, లీన్‌హార్డ్‌ని ఇంక మేం ఏమని పిలవాలి?"

గంగోల్ఫ్ గారు ప్రార్థన పుస్తకం తెరిచి వెతకడం మొదలుపెట్టారు.